డ్రాగన్ కాబోయే చేప

డ్రాగన్ అనగానే పిల్లలు నిప్పులు కక్కే రాక్షసిని గీస్తారు. చైనా కథల్లోని ‘లాంగ్’ అది కాదు. జింక కొమ్ములు, చేప పొలుసులు, గద్ద గోళ్లు... ఉండేది నీళ్లలో, ఇచ్చేది వాన. బౌద్ధ గ్రంథాల్లోని మన నాగరాజును కూడా చైనావాళ్లు లాంగ్ అనే అనువదించుకున్నారు మరి!

అక్కడ పిల్లలకు చెప్పే కథలో ఓ చేప హొయాంగ్‌హో నదికి ఎదురీది, ‘డ్రాగన్ ద్వారం’ దూకి డ్రాగన్ అయిపోతుంది. ఒకప్పుడు రాజుగారి కొలువు పరీక్షలు నెగ్గినవారిని ఆ చేపతో పోల్చేవారు. ఇప్పుడు కాలేజీ ప్రవేశ పరీక్షకూ అదే పోలిక. డ్రాగన్ ఏడాదిలో పుడితే అదృష్టమని నమ్మకం. అందుకే 2012లోనూ, 2024లోనూ కాన్పులు పెరిగాయి. ఒకే ఏడు అంతమంది పుడితే బళ్లో సీటు దగ్గర్నుంచీ పోటీయే. అదేం అదృష్టమో!

దూకలేని చేపలు నుదుటికి దెబ్బ తగిలి వెనుదిరుగుతాయని పాత పుస్తకాల్లో ఉంది. వాటి సంగతీ పిల్లలకు చెబితే బాగుండు.