పడుకున్న పిల్లికి టికెట్టు

నిషి-కసాయిలో తెలుగు మాట వినపడకుండా సాయంత్రం గడవదు. టోక్యోకి తూర్పువైపు, ఎడొగావా వార్డులో ఉంటుంది ఈ పేట. 2000 ప్రాంతంలో కంప్యూటరు ఉద్యోగాల మీద మనదేశం వాళ్ళు రావడం మొదలుపెట్టి, ఇప్పుడు కందిపప్పుకీ చింతపండుకీ వెతుక్కోనక్కర్లేనంతగా స్థిరపడ్డారు. మా అక్క కూతురు సుధ కాపురం అక్కడే. వాళ్ళబ్బాయికి ఏడేళ్ళు. వాడికి పిల్లిపిల్ల కావాలి. ఇంట్లో జంతువుల్ని పెంచకూడదని అద్దె ఒప్పందంలో రాసుంది. ఆ ఊళ్ళో చాలా అద్దె ఇళ్ళకి ఇదే షరతు.

పిల్లుల కెఫేలు బతికేది ఈ షరతు మీదే. ఇల్లు ఒప్పుకోని పిల్లిని ఎవరో ఒక గదిలో పెంచుతారు, మనం గంట లెక్కన వెళ్ళి చూసి రావచ్చు. నిజానికి ఈ ఆలోచన పుట్టింది జపాన్‌లో కాదు. 1998లో తైవాన్ రాజధాని తైపేలో మొదటిది తెరిచారు. 2004లో ఒసాకాలో ఒకటి, మరుసటేడు టోక్యో శివారు మచిదాలో ఒకటి వచ్చాయి. ఆ తరవాత ఇక ఆగలేదు. జపాన్ వాళ్ళకి పిల్లంటే ముందునుంచీ మక్కువే. ఫిబ్రవరి 22ని పిల్లుల రోజుగా 1987 నుంచి జరుపుకుంటున్నారు. మన దగ్గర పిల్లి ఎదురొస్తే బయల్దేరిన మనిషి వెనక్కొచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరతాడు. నేను అలాంటి ఇంట్లోంచే వచ్చాను.

జూన్ నెల, అక్కడ అది వానాకాలం. టోజాయ్ లైన్లో కయబాచో దాకా వెళ్ళి, హిబియా లైన్ మారి అకిహాబరాలో దిగాం. సన్నటి మేడలో నాలుగో అంతస్తు, ఇరుకు లిఫ్టు. లిఫ్టు తలుపు తెరుచుకోగానే బోర్డు. సుధ చదివి అక్కడే ఆగిపోయింది. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి ప్రవేశం లేదట.

పిల్లాడి కోసం వచ్చిన ప్రయాణం. వాడు ఏడుపు మొదలెట్టాడు. "పిన్నీ, ఇంత దూరం వచ్చాం, నువ్వైనా చూసి ఫొటోలు తీసుకురా, వాణ్ణి కింద ఐస్‌క్రీం కొట్టుకి తీసుకెళ్తాను" అంది సుధ. అలా, పిల్లి మీద ప్రత్యేకమైన ప్రేమేమీ లేని అరవయ్యేళ్ళ మనిషి ఒక్కత్తీ లోపలికి వెళ్ళింది.

చెప్పులు విప్పి బీరువాలో పెట్టాలి. వాళ్ళిచ్చిన స్లిప్పర్లు తొడుక్కోవాలి. చేతులు సబ్బుతో కడిగి, మందు రాసుకోవాలి. లోపలికి వెళ్ళిన టైము రాసిన కార్డు మెళ్ళో వేస్తారు. గంటకి వెయ్యి యెన్ల పైచిలుకు, దాటితే పది నిమిషాలకింతని. ప్లాస్టిక్ పూత వేసిన కాగితం మీద బొమ్మలతో నియమాలు: ఎత్తుకోకూడదు, తోక పట్టుకోకూడదు, ఫ్లాష్ వాడకూడదు. అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో, నిద్రపోతున్న పిల్లిని లేపకూడదు.

లోపల పిల్లులన్నీ నిద్రపోతున్నాయి.

గోడలకి కొట్టిన చెక్క అరల మీద ఒకటి, బుట్టలో ఒకటి, ఏసీ కింద ఒకదాని మీద ఒకటి పడి రెండు. మెడలో టై కట్టుకున్న ఒకాయనా, ఒక కుర్ర జంటా, నేనూ వాటి మధ్యన పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్లలా చప్పుడు చెయ్యకుండా పచార్లు చేశాం. ఎక్కడైనా ఒక చెవి కదిలితే నలుగురం అటు తిరిగేవాళ్ళం. మెషీన్లోంచి వచ్చిన కాఫీకి రుచీ లేదు, వేడీ లేదు.

పిల్లి రోజుకి పన్నెండు నుంచి పదహారు గంటలు నిద్రపోయే జంతువు. హుషారుగా ఉండేది తెల్లవారుజామునా, మునిమాపునా. కెఫే తెరిచేదేమో పొద్దెక్కాక, రద్దీ ఉండేది మధ్యాహ్నం. 2012లో వచ్చిన నిబంధనతో రాత్రి ఎనిమిది తరవాత జంతువుల్ని ప్రదర్శనకి పెట్టకూడదన్నారు. తరవాత కెఫేలో ఏడాది నిండిన పిల్లులకి మాత్రం పది దాకా సడలించారు. పిల్లి నిద్ర గురించి ఆలోచించిన చట్టం ఉండటం ముచ్చటే. కానీ మధ్యాహ్నం రెండింటికి డబ్బులిచ్చి లోపలికొచ్చిన మనిషికి ఏ చట్టమూ పిల్లిని లేపి పెట్టదు.

తోచక ఆల్బం తిరగేశాను. ఒక్కో పిల్లికి ఒక్కో పేజీ: పేరు, పుట్టినరోజు, జాతి, స్వభావం. జాతులు చూస్తే మనసు చివుక్కుమంది. చెవులు ముందుకి ముడుచుకుని గుడ్లగూబ ముఖంతో ఉండే స్కాటిష్ ఫోల్డ్‌లే సగం. ఆ చెవులు అలా వంగడానికి కారణం మృదులాస్థిలో ఉన్న జన్యులోపం. అదే లోపం కాళ్ళ కీళ్ళలోనూ, తోకలోనూ ఉంటుంది, నొప్పులు తెస్తుంది. ముద్దుగా ఉందని మనం ఫొటో తీసుకునేది ఆ జబ్బునే. కాకినాడ రేవులో చేపల బుట్టల చుట్టూ తిరిగే పిల్లులకి జాతీ లేదు, ఆల్బమూ లేదు. కానీ ఒక్కో గెంతుకి గోడ దాటుతాయి.

ఇకెబుకురోలో ఇంకోచోట పిల్లల్ని రానిస్తారని తెలిసి, తరవాతి ఆదివారం అక్కడికెళ్ళాం. ఇక్కడ ఇంకో ఏర్పాటు. అయిదొందల యెన్లిస్తే చిన్న గిన్నెలో ఉడికించిన కోడిమాంసం ముక్కలు ఇస్తారు. గిన్నె మూత తీయడం ఆలస్యం, అప్పటిదాకా గోడవైపు తిరిగి పడుకున్నవి కూడా దిగొచ్చి పిల్లాడి ఒళ్ళోకి ఎక్కాయి. వాడి ముఖం చూడాలి ఆ నిమిషంలో! నేను ఫోను తీసి కెమెరా తెరిచేలోగా ముక్కలు అయిపోయాయి. పిల్లులు కూడా దిగి వెళ్ళిపోయాయి. ఒక్కటి మాత్రం ఖాళీ గిన్నెని నాకి, సరిచూసుకుని మరీ వెళ్ళింది.

"అమ్మమ్మా, అయిపోయిందని వాటికి ఎలా తెలిసింది?" అన్నాడు వాడు.

వాళ్ళమ్మ ఇంకో గిన్నె కొంది. అదే నాటకం మళ్ళీ జరిగింది. మూడో గిన్నె అడిగితే సుధ ఇంటికి పద అంది. అక్కడ పనిచేసే అమ్మాయి పాపం ఈకలు కట్టిన కర్ర ఊపుతూ, పేరుపేరునా పిలుస్తూ, పిల్లుల తరఫున మాకు తనే క్షమాపణ చెప్పుకుంది. వీధి పిల్లుల్ని తెచ్చి, పెంచుకునేవాళ్ళకి అప్పగించే కెఫేలు కూడా ఉన్నాయి. ఒకదాంట్లోకి తొంగిచూశాం. బెదురు తీరని పిల్లులు బీరువా వెనకనుంచి రానేలేదు. అయినా అక్కడిచ్చిన డబ్బుకి నాకు విచారం లేదు. వాటికి ఎప్పుడో ఒకప్పుడు ఇల్లు దొరుకుతుందన్న ఆశ ఉంది.

బయట ఎక్కడైనా పిల్లి కనిపించకపోతుందా అని పాత టోక్యోలోని యనకాకి వెళ్ళాం. నిప్పొరి స్టేషన్లో దిగి మెట్లు దిగితే యనకా గింజా అనే సన్నటి బజారు. పిల్లుల వీధి అని పేరు. కొట్ల కప్పుల మీద చెక్కతో చెక్కిన పిల్లులు కూర్చుని ఉన్నాయి. పిల్లి తోక ఆకారంలో డోనట్లు అమ్ముతున్నారు. ఉత్తరాల ముద్రల మీద పిల్లి, గొడుగు మీద పిల్లి. ప్రాణమున్న పిల్లి ఒక్కటీ లేదు. ఒకప్పుడు బాగా ఉండేవట. ఆ దేశంలో వీధి పిల్లుల్ని పట్టి, ఆపరేషను చేయించి, చెవి కొసని చెర్రీ పూరేకు ఆకారంలో చిన్నగా కత్తిరించి వదులుతారు. మగదానికి కుడి చెవి, ఆడదానికి ఎడమ. మంచి పనే, సందేహం లేదు. పిల్లాడు మాత్రం తోక డోనట్ తిని ఊరుకున్నాడు.

చివరికి వాడికి తృప్తినిచ్చింది సెతగాయాలోని గోతోకుజి గుడి. అక్కడ మెట్ల అరల మీద, దీపస్తంభాల పాదాల దగ్గర, ఖాళీ ఉన్నచోటల్లా చెయ్యెత్తి పిలుస్తున్న తెల్ల పిల్లి బొమ్మలు వేల కొద్దీ ఉన్నాయి. హికోనే ప్రభువు నవోతకా వేటనుంచి వస్తూ ఉంటే గుడి పిల్లి చెయ్యూపి లోపలికి పిలిచిందనీ, అంతలోనే బయట పిడుగులతో వాన పడిందనీ కథ. అప్పట్నుంచీ ఆ వంశానికి ఇదే గుడి. ఆ వంశంలోనే, 1860లో హత్యకి గురైన నవోసుకే సమాధీ ఇక్కడే. కొట్లలో కనిపించే బొమ్మల చేతిలో బంగారు నాణెం ఉంటుంది, ఈ గుడి బొమ్మల చేతిలో ఉండదు. పిల్లి అవకాశాన్ని పిలుస్తుందంతే, డబ్బు తెచ్చి చేతిలో పెట్టదని గుడివాళ్ళ వివరణ. ఇంత నిజాయితీ ఏ కెఫే బోర్డు మీదా చూడలేదు.

బొమ్మ కొనుక్కుని ట్రాములో కూర్చున్నాక సుధ ఫోనులో ఇంకో కెఫే చూపించింది. అందులో నీటికుక్కలట. గుడ్లగూబలకీ, ముళ్ళపందులకీ కూడా ఉన్నాయట. చిన్న గోళ్ళ నీటికుక్కల్ని ఆగ్నేయాసియా నుంచి దొంగచాటుగా తేవడం ఎక్కువై, 2019లో వాటి అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాల్సి వచ్చింది. నేను రానన్నాను. మా కోరింగ మడ అడవుల్లో నీటికుక్కలు గుంపులుగా తిరుగుతాయని చెప్పాను.

"వెళ్తే తప్పకుండా కనిపిస్తాయా?" అన్నాడు పిల్లాడు.

"చెప్పలేం నాన్నా. పొద్దున్నే, పోటు తీసి బురద బయటపడ్డప్పుడు అయితే కనిపించొచ్చు."

సుధ డిసెంబరు విమాన టికెట్ల ధరలు చూడటం మొదలుపెట్టింది.