ఓడిన జట్టుకు ఊరంతా ఎదురెళ్లింది!

ఒకటి కాదు రెండు కాదు... సీజన్ మొదలైన దగ్గర్నుంచీ వరసగా 21 మ్యాచ్‌లు ఓడిపోయిందా జట్టు. అలాంటి ఆటగాళ్లు సొంతూరికి తిరిగొస్తుంటే అభిమానులు ఏం చేస్తారు? మొహం చాటేస్తారు, లేదంటే దిష్టిబొమ్మలు తగలేస్తారు. బాల్టిమోర్ వాసులు మాత్రం 50 వేల మంది టికెట్లు కొనుక్కుని మరీ స్వాగతం పలికారు. ఆ కథేమిటో తెలియాలంటే ఆ ఊరు వెళ్లాలి. అక్కడి ఎర్ర ఇటుకల స్టేడియం చుట్టూ ఓసారి నడిచి రావాలి.

అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు ఈశాన్యంగా దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది బాల్టిమోర్. మేరీల్యాండ్ రాష్ట్రంలో అతి పెద్ద నగరం, పాత ఓడరేవు. అమెరికా జాతీయగీతం పుట్టింది ఇక్కడే. 1814లో బ్రిటిష్ నౌకలు ఇక్కడి మెక్‌హెన్రీ కోటపై రాత్రంతా ఫిరంగులు పేల్చినా తెల్లారేసరికి అమెరికా జెండా ఎగురుతూనే కనిపించిందట. అది చూసిన ఫ్రాన్సిస్ స్కాట్ కీ అనే న్యాయవాది రాసిన కవితే తర్వాత జాతీయగీతమైంది. ఇక, తిండి సంగతికొస్తే ఇక్కడ పీతలదే రాజ్యం. ఘాటైన మసాలా దట్టించి ఆవిరిమీద ఉడికించిన పీతల్ని బల్లమీద కాగితం పరిచి కుమ్మరిస్తారు. చెక్క సుత్తితో పగలగొట్టుకుంటూ ఇంటిల్లిపాదీ గంటల తరబడి తింటారు.

ఈ ఊరి బేస్‌బాల్ జట్టు పేరు ఓరియోల్స్. ఓరియోల్ అంటే నారింజ, నలుపు రంగుల్లో ఉండే చిన్న పిట్ట. మేరీల్యాండ్ రాష్ట్ర పక్షి కూడా అదే. 1966, 1970, 1983లలో ప్రపంచ సిరీస్ గెలిచిన ఘనచరిత్ర ఈ జట్టుది. అలాంటిది, అయిదేళ్లు తిరిగేసరికి కథ అడ్డం తిరిగింది.

పీడకల లాంటి ఏప్రిల్

బేస్‌బాల్ లీగ్ మన క్రికెట్ టోర్నీల్లా నెలా రెండు నెలల్లో ముగిసిపోదు. వేసవికి ముందు మొదలై సెప్టెంబరు చివరిదాకా దాదాపు రోజూ ఆటే. ఒక్కో జట్టూ 162 మ్యాచ్‌లు ఆడుతుంది. ఎంత గొప్ప జట్టయినా అందులో అరవై దాకా ఓడిపోతుంది. ఎంత బలహీనమైన జట్టయినా మూడింట ఒకటి గెలవడం మామూలే. అందుకే ఒకటి రెండు ఓటములను ఎవరూ పట్టించుకోరు. ‘ఇంకా ఏప్రిలేగా’ అనుకుంటారు.

1988 ఏప్రిల్ 4న సొంత మైదానంలో మిల్వాకీ జట్టు చేతిలో 12-0 తేడాతో ఓడినప్పుడు ఓరియోల్స్ అభిమానులూ అలాగే సర్దిచెప్పుకున్నారు. వరసగా ఆరు ఓడేసరికి యాజమాన్యం మేనేజర్‌ను తొలగించింది. క్రికెట్లో కోచ్ లాంటి పదవి అది. ఉద్వాసనకు గురైన కాల్ రిప్కెన్ సీనియర్ మూడు దశాబ్దాలుగా ఆ సంస్థనే నమ్ముకున్న మనిషి. పైగా ఆయన కొడుకులిద్దరూ- కాల్ జూనియర్, బిల్లీ- అదే జట్టు ఆటగాళ్లు. తండ్రిని పక్కన పెట్టిన జట్టుకోసమే వాళ్లు మైదానంలోకి దిగాల్సి వచ్చింది.

ఒకప్పటి మేటి ఆటగాడు ఫ్రాంక్ రాబిన్సన్ పగ్గాలు చేపట్టాడు. అయినా రాత మారలేదు. సీజన్ మొదట్లో వరసగా 13 ఓటములన్నది అప్పటిదాకా ఉన్న చెత్త రికార్డు. దాన్ని దాటి 15, 18, 20... అలా పోతూనే ఉంది లెక్క. బాబ్ రివర్స్ అనే రేడియో వ్యాఖ్యాత జట్టు గెలిచేదాకా మైకు వదిలేది లేదని కూర్చున్నాడు. అలా పది రోజులకు పైగా గడిచిపోయాయి. చివరికి ఏప్రిల్ 29న షికాగోలో వైట్‌సాక్స్‌పై 9-0తో గెలిచాక గానీ ఆయనకు విముక్తి దొరకలేదు. ఆ మురిపెమూ ఒక్కరోజే. తర్వాత మళ్లీ రెండు ఓటములు. ఒక్క గెలుపు, 23 ఓటములతో జట్టు ఇంటిదారి పట్టింది.

ఆ రాత్రి ఏం జరిగింది?

మే 2, సోమవారం. 33వ వీధిలోని మెమోరియల్ స్టేడియానికి ఆ రాత్రి వచ్చిన జనం... 50,402 మంది! వాళ్లంతా ఆటమీద అభిమానంతోనే వచ్చారనుకుంటే పొరపాటే. వాళ్ల మనసుల్లో ఓ భయం ఉంది. సరిగ్గా నాలుగేళ్ల క్రితం, 1984 మార్చిలో ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు కోల్ట్స్ రాత్రికి రాత్రే సామాను లారీలకెక్కించుకుని ఇండియానాపొలిస్‌కు వెళ్లిపోయింది. మంచు కురుస్తున్న ఆ రాత్రి లారీలు కదిలిన దృశ్యం బాల్టిమోర్‌కు మానని గాయం. ఓరియోల్స్ యజమాని ఎడ్వర్డ్ బెనెట్ విలియమ్స్ వాషింగ్టన్‌లో పేరుమోసిన లాయరు. ఈ జట్టునూ ఆయన ఎక్కడ తరలించుకు పోతాడోనని దిగులు. గెలిచినా ఓడినా మీరు మా వాళ్లేనని చెప్పడానికే ఊరు ఊరంతా కదిలింది.

దానికి ఫలితం అక్కడికక్కడే దక్కింది. నగరం నడిబొడ్డున కట్టే కొత్త స్టేడియంలో జట్టు పదిహేనేళ్లపాటు ఉండేందుకు ఒప్పందం కుదిరిందని ఆ రాత్రే ప్రకటించారు. ఓరియోల్స్ కూడా నిరాశపరచలేదు. టెక్సాస్ జట్టును 9-4తో ఓడించారు. విలియమ్స్ అదే ఏడాది ఆగస్టులో క్యాన్సర్‌తో కన్నుమూశాడు గానీ, ఒప్పందం మాత్రం నిలిచింది.

ఆ సీజన్లో జట్టు 107 మ్యాచ్‌లు ఓడిపోయింది. విచిత్రమేంటంటే, మరుసటి ఏడాది అదే జట్టు ‘ఎందుకు గెలవలేం?’ అన్న నినాదంతో నెలల తరబడి అగ్రస్థానంలో కొనసాగింది. ఆఖరివారంలో టొరంటోలో ఓడి తృటిలో టైటిల్ చేజార్చుకుంది.

చూసొద్దామా!

ఆనాటి ఒప్పందంతో కట్టిందే ఓరియోల్ పార్క్ ఎట్ కామ్డెన్ యార్డ్స్. 1992 ఏప్రిల్ 6న మొదలైంది. సుమారు 45 వేల మంది కూర్చోవచ్చు. అది పాత రైల్వే యార్డు స్థలం. అక్కడున్న గోదామును కూల్చేయకుండా స్టేడియంలో కలిపేసుకోవడమే దీని ప్రత్యేకత. వెయ్యి అడుగులకు పైగా పొడవుండే ఆ ఎర్ర ఇటుకల భవనం మైదానానికి కుడివైపు కోటగోడలా కనిపిస్తుంది. దీన్ని చూశాకే మిగతా నగరాలూ ఊరి మధ్యలో పాతకాలపు అందంతో మైదానాలు కట్టుకోవడం మొదలెట్టాయి.

గోదాముకీ మైదానానికీ మధ్య ఉన్న యూటా వీధిలో నడిచేటప్పుడు కిందకి చూడటం మరవద్దు. హోమ్‌రన్ బంతులు పడిన చోటల్లా నేలలో ఇత్తడి పలకలు పొదిగారు. మన కాల్ రిప్కెన్ జూనియర్ గుర్తున్నాడుగా? 1988లో ఓడిన ఆ 21 మ్యాచ్‌లూ ఆడిన అతడే, 1995 సెప్టెంబరు 6న ఇదే మైదానంలో వరసగా 2,131వ మ్యాచ్ ఆడి మేజర్ లీగ్ రికార్డు సృష్టించాడు. గోదాము గోడమీద ఆ అంకె ప్రత్యక్షం కాగానే ఆట 22 నిమిషాలు ఆగిపోయింది. మరో విశేషం... బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ పుట్టిన ఇల్లు ఇక్కడికి కూతవేటు దూరంలోనే ఉంది, ఇప్పుడది మ్యూజియం.

మ్యాచ్ చూస్తే, జాతీయగీతం దగ్గర చెవులు రిక్కించండి. చివర్లో ‘ఓ’ అన్న అక్షరం రాగానే స్టేడియమంతా ఒక్కసారిగా ‘ఓ...’ అని అరుస్తుంది. అది ఓరియోల్స్‌లో ‘ఓ’ అన్నమాట. వాషింగ్టన్ చుట్టుపక్కల ఉన్న బంధువుల ఇళ్లకు వెళ్లే మనవాళ్లు రైల్లో వచ్చి ఒక్కరోజులో ఇవన్నీ చూసి వెళ్లిపోవచ్చు.

గెలుపోటములు ఈ ఊరికి ఇప్పటికీ దోబూచులాటే. 2021లో 110 మ్యాచ్‌లు ఓడిన జట్టు 2023లో 101 గెలిచింది. 2025లో మళ్లీ ఆరంభంలోనే తడబడి, మే నెలలో మేనేజర్‌ను మార్చింది. 1988 నాటి 21 ఓటముల రికార్డు మాత్రం చెక్కుచెదరలేదు.

33వ వీధిలోని పాత స్టేడియం ఇప్పుడు లేదు. ఆ స్థలంలో పిల్లల కోసం ఓ చిన్న బేస్‌బాల్ మైదానం కట్టారు. కట్టించింది, ఆరు మ్యాచ్‌లకే పదవి పోగొట్టుకున్న రిప్కెన్ సీనియర్ పేరిట ఆయన కొడుకులు పెట్టిన సంస్థ!