కాగితం లేని తోట, లేబుల్ లేని సారా

ఫ్రాన్స్‌లోని ఆల్సాస్‌లో హ్యూగెల్ కుటుంబం 1639 నుంచి వైన్ చేస్తోంది. సీసా మీద ఇంటిపేరు, సంవత్సరం అన్నీ ఉంటాయి. దోర్నపాల్ చుట్టుపక్కల కోయ ఇళ్లలో కాచే ఇప్పసారా కూడా తాతల నాటిదే. కానీ దానికి లేబుల్ ఉండదు.

భద్రాచలం నుంచి కుంట దాటి సుక్మా వెళ్లే దారిలో వస్తుంది దోర్నపాల్. ఛత్తీస్‌గఢ్ అయినా తెలుగుతో పని జరిగిపోతుంది. ఇక్కడికి రావాలంటే మార్చి, ఏప్రిల్ నెలల్లోనే రావాలి. ఇప్పపూలు రాత్రంతా రాలుతాయి. తెల్లవారకముందే ఆడవాళ్లు, పిల్లలు బుట్టలతో చెట్ల కిందికి చేరతారు. ఏ చెట్టు ఏ ఇంటిదో పట్టా ఉండదు, ఊరందరికీ మాత్రం తెలుసు.

ఎండిన పూలను నీళ్లలో నాలుగైదు రోజులు పులియబెడతారు. ఆ కుండను పొయ్యి మీద పెట్టి, పైన మరో కుండ బోర్లించినట్టు అమర్చి, సందులు మట్టితో మెత్తుతారు. అన్నిటికన్నా పైన చన్నీళ్ల గిన్నె. ఆవిరి దానికి తగిలి చుక్కలుగా దిగుతుంది. నీళ్లు వేడెక్కితే మార్చాలి. ఎన్నిసార్లు మార్చితే సారా అంత పలచన. ఘాటు కొలిచేందుకు ఇంటి పెద్దావిడకు మరో పరికరం అక్కర్లేదు. దొప్పలో పోశాక మొదటి చుక్కలు నేల మీద పెద్దలకు. ఆ తర్వాతే అతిథికి.

ఈ వారసత్వం ఒకసారి తెగినంత పనైంది. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరు దోర్నపాల్ శిబిరానికి చేరారు, కొందరు అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి పారిపోయారు. మనుషులు కదిలారు గానీ చెట్లు కదల్లేదు. పూలు రాలే వేళకు ఏరేవాళ్లు లేరు. సల్వాజుడుం పేరిట ఆదివాసులకు ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా అందరూ వెనక్కి వెళ్లలేదు.

సొంత వాడకానికి ఆదివాసులు సారా కాచుకునేందుకు ఛత్తీస్‌గఢ్‌లో పరిమితికి లోబడి మినహాయింపు ఉంది. పక్కనున్న మధ్యప్రదేశ్ మరో అడుగు వేసి, ఇప్పసారాను ‘హెరిటేజ్ లిక్కర్’గా సీసాలకెక్కించింది. లేబుల్ రావడం మంచిదే. అయితే ద్రాక్షతోటకు దస్తావేజు ఉంటుంది. ఇప్పచెట్టుకు ఉన్నది జ్ఞాపకమే. ఏరే చేతులు ఊళ్లో ఉన్నంతకాలమే అది చెల్లుతుంది.