సూది మీద నమ్మకం

కృష్ణా డెల్టా పల్లెల్లో సూది వేయని వైద్యుడికి విలువ తక్కువ. మాత్రలిచ్చి పంపితే, "ఒక్క సూదైనా వేయలేదు, ఆయనేం డాక్టరు?" అని మా ఊళ్ళో నిష్ఠూరమాడేవారు. వేసింది ఏ మందో అడిగినవారు లేరు. వేసినవాడు ఏం చదివాడో అడిగినవారు అసలే లేరు. సంచీ తగిలించుకొని సైకిలు మీద వచ్చే ఆర్.ఎం.పి. చేతిలో సూది కనబడితే చాలు, చొక్కా చేయి పైకి మడిచేవాళ్ళం.

ఆ నమ్మకమే ఇప్పుడు బెంజ్ సర్కిల్‌కు కాపురం వచ్చింది. చెన్నై-కోల్‌కతా రహదారీ, బందరు రోడ్డూ కలిసే ఆ కూడలి చుట్టుపక్కల ఎటు చూసినా అందం పంచే క్లినిక్కుల బోర్డులే. ముడతలకు బొటాక్స్, పెదవులకు ఫిల్లర్, రంగుకు గ్లూటాథయోన్. ఒకప్పుడు జ్వరానికి సూది. ఇప్పుడు ఏ రోగమూ లేనివారికి సూది.

మా అక్క కూతురికి పెళ్ళి కుదిరింది. మగపెళ్ళివారిలో ఒకావిడ, "అమ్మాయి బాగుంది గానీ కళ్ళ కింద నలుపు" అన్నదట. ఆ ఒక్క మాటకు పిల్ల వారం రోజులు అద్దాన్ని వదలలేదు. చివరకు కళ్ళ కింద ఫిల్లర్ వేయించుకొంటానని ఒక క్లినిక్కుకు బయలుదేరితే, తోడుగా నేనూ వెళ్ళాను.

సూది వేసేదెవరని అడిగాను. "మేడమ్ గారు" అన్నారు. వారి రిజిస్ట్రేషను నంబరు అడిగాను. గోడకు వ్రేలాడుతున్న కాస్మెటాలజీ సర్టిఫికెట్టు చూపించారు. వికటిస్తే ఏం చేస్తారని అడిగాను. "ఏమీ కాదండీ, అందరికీ చేస్తూనే ఉన్నాం" అని నవ్వారు. లేచి వచ్చేశాము. దారి పొడవునా "నీదంతా చాదస్తం మావయ్యా" అంటూ పిల్ల కన్నీళ్ళు పెట్టుకొంది.

చాదస్తమో కాదో మీరే చెప్పండి. ఫిల్లర్లలో ఎక్కువగా వాడేది హయలురోనిక్ ఆమ్లం. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ దీనిని ఆవు కంటి నుండి వేరుచేశారు. ఆ జిగురు పొరపాటున రక్తనాళంలోకి పోతే రక్తం ఆగిపోయి చర్మం చచ్చుబడుతుంది. వెంటనే హయలురోనిడేజ్ అనే మందు ఎక్కిస్తే జిగురు కరుగుతుంది. కంటికి వెళ్ళే నాళం మూసుకుపోతే మాత్రం చూపే పోవచ్చు. దానికి నమ్మకమైన చికిత్స లేదు. కనుక "ఏమీ కాదు" అన్నవారి దగ్గర ఆ విరుగుడు మందు ఉంటుందని ఎలా నమ్మను?

బొటాక్స్ సంగతి వేరు. నిలవ చెడిన ఆహారంలో పుట్టే విషాన్నే అతి స్వల్ప మోతాదులో మందుగా మార్చారు. కనుబొమల నడుమ ముడతలకు అమెరికా ఎఫ్.డి.ఏ. 2002లో అనుమతించింది. తెరవని సీసాను సాధారణంగా 2 నుండి 8 డిగ్రీల చలిలో ఉంచాలి. బెజవాడ మే నెల ఎండలో అది ఎక్కడ ఎంతసేపు ఉండి వచ్చిందో అడగవద్దూ? 2023-24లో అమెరికాలోనే నకిలీ సరుకు వల్లా, అర్హత లేనివారి చేతుల వల్లా 11 రాష్ట్రాల్లో 22 మంది అస్వస్థులయ్యారు. వారిలో 11 మంది ఆసుపత్రి పాలయ్యారు.

మరునాడు సూర్యారావుపేటలో చర్మవ్యాధుల ఎం.డి. ఒకరిని కలిశాము. ఆయన పిల్ల ముఖం వెలుతురులో నిదానంగా చూసి, "ఇది గుంట కాదమ్మా, చర్మపు రంగు. దీనికి ఫిల్లర్ పనిచేయదు. పైగా పెళ్ళి ముందు వాపు, కమిలిన మచ్చ వస్తే ఏం చేస్తావు?" అన్నారు. సూది వేయలేదు. మా ఊరివారైతే ఆయననూ నిష్ఠూరమాడేవారేమో! పిల్ల ముఖంలో అప్పటికీ సంతోషం లేదు. ఆవిడ అన్న మాట ఇంకా పోలేదు మరి. కానీ కళ్ళు క్షేమంగా ఉన్నాయి.

1986లో ఆరోగ్య విశ్వవిద్యాలయం వెలసిన ఊరు మనది. చదివిన వైద్యులకు కరవు లేదు. ఎం.బి.బి.ఎస్. పైన చర్మవ్యాధుల్లో ఎం.డి.యో, ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్.యో వంటి చదువు ఉందా అని చూడండి. వైద్యులు తమ రిజిస్ట్రేషను నంబరును క్లినిక్కులోనూ, మందుల చీటీ మీదా, రసీదు మీదా చూపాలని 2002 నాటి నియమావళే చెబుతోంది. ఆ నంబరును వైద్య మండలి రిజిస్టరులో సరిచూసుకోవచ్చు. సీసా మీ ఎదుటే తెరవమనండి. పేరు, బ్యాచి నంబరు, గడువు తేదీ చదవండి.

ఇంకేమీ గుర్తులేకపోయినా, సూది వేసేవారి పేరు, నంబరు కాగితం మీద వ్రాసి ఇమ్మని అడగండి. తడబడితే చెప్పులు వేసుకొని బయటికి వచ్చేయండి.