స్పిండాని ఎవరూ అఫిడవిట్ అడగలేదు

నేను పోకెమాన్ ఆడతానని ఆఫీసులో ఎవరికైనా తెలిసిందనుకోండి, వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: "నీ ఫేవరెట్ పికాచూనేనా?" కాదండీ బాబూ, స్పిండా. "అదెవరు?" అన్నట్టు ఒక మొహం పెడతారు. ఆ మొహానికి జవాబే ఈ టపా.

స్పిండా ఒక బుల్లి పాండా. (పాండాలు ఎలుగుబంటి కుటుంబానివే కాబట్టి ఎలుగుబంటి అనుకున్నా తప్పులేదు.) 2002 నవంబరులో జపాన్‌లో విడుదలైన పోకెమాన్ రూబీ, సఫైర్ ఆటల్లో మొదటిసారి కనిపించింది. ఎత్తు 1.1 మీటర్లు, బరువు 5 కిలోలు. అగ్నిపర్వతపు బూడిద రాలే ఒక దారిలో గడ్డిలోంచి తూలుతూ వస్తుంది. కళ్లు సుడులు తిరుగుతుంటాయి, నడక ఎప్పుడూ తడబాటే. ఆ తడబాటు వల్లే శత్రువుకి గురి కుదరదట.

యుద్ధానికి పనికొస్తుందా అంటే, అబ్బే. ఈ ఆటల్లో ప్రతి జీవికీ ఆరు బలాలుంటాయి: ప్రాణం, దాడి, రక్షణ, ప్రత్యేక దాడి, ప్రత్యేక రక్షణ, వేగం. స్పిండాకి ఆరింటిలోనూ 60. మొత్తం 360. అదే ఆటలో ఉర్సరింగ్ అనే అసలు సిసలు ఎలుగుబంటికి మొత్తం 500. మన అప్రైజల్ భాషలో చెప్పాలంటే స్పిండా ఏటేటా "మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్" కూడా రాని కేసు.

మరి దాన్లో అంత ఏముంది? దాని మొహమ్మీద మచ్చలున్నాయి.

ఏ రెండు స్పిండాల మచ్చలూ ఒకేలా ఉండవని ఆటలో రాసుంటుంది. చిన్నపిల్లల ఆట కదా, ఏదో కబుర్లు చెబుతున్నారులే అనుకుంటాం. కానీ అది కోడ్‌లో దాదాపు అక్షరాలా నిజం. ఈ ఆటలో ప్రతి జీవి పుట్టగానే దానికో 32 బిట్ల అంకె తగులుతుంది. ఆడా మగా, స్వభావమేంటి, మెరిసే రంగులో పుట్టిందా లేదా, ఇవన్నీ ఆ అంకెలోంచే తేలతాయి. స్పిండా విషయానికొచ్చేసరికి అదే అంకెని నాలుగు బైట్లుగా విడగొట్టారు. మచ్చలు నాలుగు, బైట్లు నాలుగు. ఒక్కో బైటులో నాలుగు బిట్లు మచ్చ ఎంత పక్కకి జరగాలో, నాలుగు బిట్లు ఎంత కిందకి జరగాలో చెబుతాయి. అంటే ఒక్కో మచ్చకి 256 చోట్లు, నాలుగింటికీ కలిపి 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 అమరికలు.

దీనికోసం అదనంగా ఖర్చుపెట్టిన మెమరీ ఎంతో తెలుసా? సున్నా. ఎలాగూ ఉన్న అంకెనే మొహంగా గీశారు, అంతే. గేమ్‌బాయ్ అడ్వాన్స్ లాంటి చిన్న యంత్రంలో, ప్రతి బైటుకీ లెక్క చూసుకునే రోజుల్లో, ఎవరో ఇంజనీరు "ఇదెలాగూ ఉందిగా, వాడేద్దాం" అనుకునుంటాడు. డిజైన్ డాక్యుమెంట్లలో "ఎలిగెంట్" అన్న మాట మనం తెగ వాడేస్తుంటాం గానీ, నాకు ఆ మాట వినగానే గుర్తొచ్చేది ఈ పాండా మొహమే.

ఇంకో తమాషా ఉంది. ఆ పాత ఆటల్లో అదే అంకెని 25తో భాగిస్తే వచ్చే శేషం ఆ జీవి స్వభావం. అంటే మచ్చల్ని సరిగ్గా కొలవగలిగితే స్పిండా మొహం చూసి గుణం చెప్పేయొచ్చు. మన పెళ్లిచూపుల పెద్దలకి ఈ సౌకర్యం లేకపోయింది :)

సరే, ఇక అసలు కథ. 2006 నాటి డైమండ్, పెర్ల్ ఆటల్ని 2021 నవంబరులో బ్రిలియంట్ డైమండ్, షైనింగ్ పెర్ల్ అని కొత్త హంగులతో మళ్లీ విడుదల చేశారు. 2022 మే నెలలో, పోకెమాన్ హోమ్ అనే సర్వీసు ద్వారా వేరే ఆటల్లోని జీవుల్ని ఇందులోకి తెచ్చుకునే వీలు కల్పించారు. ఏళ్ల తరబడి పాత ఆటల నుంచి మోసుకొస్తున్న వాటిని జనం సంబరంగా తరలించుకోబోయారు. స్పిండాకి మాత్రం గేటు మూసేశారు. ఆ ఆటలోకి బయటి స్పిండా రాకూడదు, అందులో పుట్టింది బయటికి పోకూడదు.

ఎందుకయ్యా అంటే, ఆట డేటాని విప్పి చూసిన అభిమానులు తేల్చిన సంగతి ఇదీ: కొత్త ఆటలో ఆ నాలుగు బైట్లని వెనక నుంచి ముందుకి చదువుతున్నారు. పాత ఆటలో 12, 34, 56, 78 అని చదివిన అంకెని ఇక్కడ 78, 56, 34, 12 అని చదువుతారు. ఒక్క బిట్టు కూడా పోలేదు, చెడలేదు. కానీ ఒక మచ్చకి రాసిన చోటు ఇంకో మచ్చకి వెళ్లిపోతుంది. ఆ ఆట లోపల ఏ గొడవా లేదు, అక్కడ పుట్టిన స్పిండాలు హాయిగానే ఉంటాయి. గొడవంతా సరిహద్దు దాటేటప్పుడే. అటు నుంచి ఇటొస్తే అదే స్పిండా వేరే మొహంతో దిగుతుంది.

ఇది మనందరికీ ఇంజనీరింగ్‌లో చెప్పిన పాఠమే. పెద్ద కొస ముందా, చిన్న కొస ముందా అన్న తగువు. 1726లో జొనాథన్ స్విఫ్ట్ రాసిన గలివర్ కథలో, గుడ్డుని ఏ కొసన పగలగొట్టాలన్న దానిమీద లిల్లీపుట్ వాళ్లు కొట్టుకు చస్తారు. ఆ పేర్లనే డానీ కోహెన్ 1980 ఏప్రిల్ 1న రాసిన ఒక పత్రంలో బైట్ల వరసకి తగిలించాడు. ఐబీఎం మెయిన్‌ఫ్రేములది పెద్ద కొస, మన లాప్‌టాపుల్లోని ఇంటెల్ చిప్పులది చిన్న కొస. ఏదీ తప్పు కాదు. రాసినవాడూ చదివేవాడూ ఒకే మాట మీద ఉంటే చాలు.

ఇప్పుడు మన పేర్ల సంగతి చూడండి.

తెలుగువాళ్లం ఇంటిపేరు ముందు రాసుకుంటాం. ముందు ఇల్లు, తర్వాత మనిషి. పెద్ద కొస ముందన్నమాట. (అదే మనం ఉత్తరం మీద చిరునామా ఇంటి నంబరుతో మొదలెట్టి జిల్లాతో ముగిస్తాం. అది చిన్న కొస. మనకీ ఒక పద్ధతంటూ ఏం లేదనుకోండి.) మన ఊళ్లో ఉన్నంతకాలం దీంతో ఏ ఇబ్బందీ లేదు. పాములపర్తి వెంకట నరసింహారావు అని రాస్తే అందులో ఇంటిపేరేదో, మనిషి పేరేదో తెలుగువాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఆయన 1991లో ప్రధాని అయ్యాక ఇంగ్లీషు పత్రికలు ఆయన్ని "మిస్టర్ రావు" చేసేశాయి. మనం మొదటి అక్షరాలు పట్టుకుని పీవీ అన్నాం, వాళ్లు చివరి ముక్క పట్టుకుని రావు అన్నారు. మనిషొక్కడే, చదివిన కొసలు వేరు. సత్య నాదెళ్ల పేరు చూడండి, అక్కడికి తగ్గట్టు ఇంటిపేరు వెనక్కి వెళ్లి కూర్చుంది.

మా ప్రాజెక్టులో క్లయింటు డైరెక్టరీలో నా ఇంటిపేరు ఫస్ట్ నేమ్ గడిలో ఉంటుంది. మెమోలో ఏ వరసలో ఉంటే ఆ వరసలోనే నింపేసిన ఎక్సెల్ షీటు పుణ్యం. దాంతో అవతలివాళ్లు నన్ను ఇంటిపేరుతోనే పిలుస్తారు. ఓసారి ఇంటి నుంచి పనిచేస్తూ కాల్‌ని స్పీకర్లో పెట్టాను. అవతలాయన ఇంటిపేరు పెట్టి పిలవగానే పక్క గదిలోంచి నాన్న "ఆఁ, వస్తున్నా" అన్నారు. పాపం ఆయన్ని ముప్ఫై ఏళ్లు ఆఫీసులో అలాగే పిలిచారు మరి! ఆరోజు నవ్వుకున్నాం.

మా అక్క విషయంలో మాత్రం నవ్వు రాలేదు. చేతిలో ఆఫర్ లెటర్ ఉంది, పాత చోట రాజీనామా ఇచ్చేసింది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో "నేమ్ మిస్‌మ్యాచ్" అని ఆపేశారు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా. పాస్‌పోర్టులో ఇంటిపేరు వేరే గడిలో. పాత కంపెనీ సర్టిఫికెట్లో ఇంటిపేరు చివర, అదీ పొడి అక్షరం. మూడింటిలోనూ ఉన్నవి అవే పేర్లు, ఒక్కటి కూడా కొత్తది లేదు. వరసే వేరు. ఆ సంగతి ఫోన్లో వివరిస్తే "అర్థమైంది మేడమ్, కానీ సిస్టమ్ తీసుకోవట్లేదు" అన్నారట. చివరికి స్టాంపు పేపరు కొని, నోటరీ దగ్గరికెళ్లి, ఈ మూడు పేర్లూ ఒకే మనిషివనీ ఆ మనిషిని నేనేననీ ప్రమాణం చేసి సంతకం పెట్టింది. చేరడం మూడు వారాలు ఆలస్యమైంది, ఆ మూడు వారాల జీతం పోయింది. డబ్బు సంగతి అటుంచండి. "నేను నేనేనని నేను ఒట్టేసి చెప్పాల్సొచ్చిందిరా" అంది చూశారూ, ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

స్పిండా కథ నాకంత నచ్చడానికి కారణం ఇక్కడుంది. స్పిండానీ ఆపేశారు, అక్కనీ ఆపేశారు. కానీ తేడా చూడండి. మేం తప్పుగా చదువుతాం కాబట్టి నిన్ను రానివ్వం అని స్పిండాని గేటు దగ్గరే ఆపారు. దాని మొహాన్ని ఎవరూ ముట్టుకోలేదు. హోమ్‌లో దాని మచ్చలు ఉన్నచోటే ఉన్నాయి. "నీ మచ్చలు మా పద్ధతికి లేవు, మార్పించుకుని రా" అని దాన్నెవరూ అనలేదు, అఫిడవిట్ తెమ్మనలేదు. తప్పు చదివేవాడిదైనప్పుడు ఆ బరువు చదివేవాడి మీదే ఉంది. (నచ్చిన స్పిండాని ఆ ఆటలోకి తెచ్చుకోలేని పిల్లలు బాధపడే ఉంటారు, అది కాదనను. తెరిచుంటే ఇంకా బాగుండేది.) మనుషుల దగ్గరికొచ్చేసరికి మాత్రం రెండే దారులు. ఒకటి, నా విషయంలోలా చెప్పాపెట్టకుండా వరస మార్చేసి లోపలికి పంపించడం. రెండు, అక్క విషయంలోలా ఆపేసి, రుజువు నువ్వే తెచ్చుకో అనడం. రెండిట్లోనూ సిస్టమ్ తప్పు సిస్టమ్‌ది కాదు, మనది.

"ఏముందిరా, ఏదో ఒక గడిలో ఏదో ఒకటి నింపు, జీతం పడుతుందిగా" అంటాడు మా రూమ్మేటు. పడుతుంది, నిజమే. తర్వాత పీఎఫ్ పేరు ఆధార్ పేరుతో కలవదు. పాస్‌పోర్టులో పేరంతా సర్‌నేమ్ గడిలో పడితే అమెరికా వీసా మీద గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ అని అచ్చవుతుంది, పేరు తెలియదని దానర్థం. అమ్మా నాన్నా పదకొండోరోజు పళ్లెంలో బియ్యం పోసి రాసిన పేరు తెలియదట!

అన్నట్టు, కంప్యూటర్లు తమ గొడవకి ఎప్పుడో మందు కనిపెట్టుకున్నాయి. యూనికోడ్‌లో మన 'అ' నంబరు 0సి05. ఆ రెండు బైట్లని తిరగేసి 050సి అని చదివితే, రష్యాలోని కోమి భాష కోసం చేసిన ఒక సిరిలిక్ అక్షరం వస్తుంది. అక్షరాభ్యాసం నాడే దేశం దాటేసినట్టు! అందుకే యూటీఎఫ్-16 ఫైలు మొదట్లో ఒక గుర్తు పెడతారు. నన్ను ఈ కొస నుంచి చదువు అని ఫైలే చెబుతుంది. చదివే ప్రోగ్రాము దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. ఫైలుకిచ్చిన ఆ మర్యాద మనిషి పేరుకివ్వడానికి మనకేం అడ్డొచ్చింది?

ఇందులో పెద్ద పరిశోధనేం అక్కర్లేదు. వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూత్రీసీ వాళ్లు మనుషుల పేర్ల గురించి ఒక వ్యాసమే పెట్టారు. ముందు పేరు, వెనక పేరు అని విడగొట్టడం నిజంగా అవసరమా అని ఆలోచించుకోమంటారు. పూర్తి పేరుకి ఒకే గడి, "మిమ్మల్ని ఏమని పిలవాలి?" అని పక్కనే ఇంకో గడి. రెండు కాగితాల్లో పేర్లు పోల్చేటప్పుడు ముక్కలు ఒకటేనా అని ముందు చూసి, వరస సంగతి తర్వాత చూడటం. తేడా వస్తే ఒక మనిషి కూర్చుని చూడటం. మహా అయితే ఒక స్ప్రింట్ పని.

పైగా ఆ ఫారాలు రాసేదెవరనుకున్నారు? ఏ స్విఫ్టు కథలోని లిల్లీపుట్ వాళ్లో కాదు. హైదరాబాదులోనో, బెంగళూరులోనో, డాలస్‌లోనో కూర్చుని, ఇంటిపేరు ముందున్న మనమే. క్లయింటు పంపిన స్పెక్‌లో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు కాలమ్స్ కనబడితే రెండిటికీ 'నాట్ నల్' పెట్టి చెకిన్ చేసేస్తున్నాం. 429 కోట్ల మొహాల్ని నాలుగు బైట్లలో భద్రంగా దాచినవాడూ ప్రోగ్రామరే. మూడు ముక్కల పేరుని మూడు రకాలుగా చేసినవాడూ ప్రోగ్రామరే.

రేపు పొద్దున మీ ముందుకు అలాంటి స్పెక్ ఒకటి వస్తే ఒక్క ప్రశ్న అడగండి చాలు: "దీన్ని ఏ కొస నుంచి చదవాలో, పేరు గలవాళ్లని అడిగామా?"