గుర్రానికి తాళం వేసేదెవరు?

"రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద పోతుంది" అని మనకో సామెత. మా మేనేజరుకి తెలుగు రాదు కాబట్టి సరిపోయింది గానీ, వచ్చుంటే రోజుకి రెండుసార్లైనా వాడేవాడు. నాకైతే ఈ సామెత మీద చిన్న పేచీ ఉంది. గుర్రం నిజంగానే మూడు దెబ్బల్లో సాగే నడక ఒకటుంది, కాంటర్ అంటారు. ఒక వెనక కాలు, తర్వాత ఒక జంట, తర్వాత ఒక ముందు కాలు, ఆ వెంటనే నాలుగూ గాల్లో. తకిట.. తకిట.. తకిట. మామూలు నడకలో నాలుగు గిట్టలూ విడివిడిగా పడతాయి కాబట్టి నాలుగు దెబ్బలు. ట్రాట్‌లో ఎదురు మూలల కాళ్లు జంటలుగా పడతాయి కాబట్టి రెండు. మూడిట్లో నాకు చూడ్డానికి బాగుండేది ఆ మూడు దెబ్బలదే. రౌతు మెత్తగా ఉండటం వల్ల వచ్చేది అదైతే, మెత్తగానే ఉండనివ్వండి :)

నాకీ పిచ్చి పట్టించింది 2023 ఆసియా క్రీడలు. ఆ సెప్టెంబర్ 26న హాంగ్‌జౌలో డ్రెస్సేజ్‌లో మన జట్టుకి స్వర్ణం వచ్చింది. గుర్రపుస్వారీలో మనకి అంతకుముందు స్వర్ణాలు వచ్చింది 1982లో, ఢిల్లీలో. రెండ్రోజుల తర్వాత అనూష్ అగర్వాలా ఎట్రో అనే గుర్రం మీద వ్యక్తిగత కాంస్యం కూడా తెచ్చాడు. డ్రెస్సేజ్ అంటే పరుగుపందెం కాదు. 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న మైదానంలో గుర్రం రకరకాల నడకలు నడిచి చూపిస్తుంది, జడ్జీలు మార్కులేస్తారు. అనూష్‌కి కాంస్యం వచ్చిన ఫ్రీస్టైల్ రౌండులో ఇదంతా సంగీతంతో సాగుతుంది. పెద్ద స్థాయి పోటీల్లోనైతే ఉన్నచోటే ట్రాట్ అడుగులు వేయడం కూడా ఉంటుంది, దాన్ని పియాఫ్ అంటారు.

చూసేవాళ్లకి గుర్రం పాటకి ఆడుతున్నట్టే ఉంటుంది. అసలు జరిగేది తిరగేసి. ముందు గుర్రాన్ని వీడియో తీస్తారు. నడకలో నిమిషానికి ఎన్ని దెబ్బలు, ట్రాట్‌లో ఎన్ని, కాంటర్‌లో ఎన్ని అని లెక్కపెడతారు. ఏ గుర్రం లయ దానిది, అది పెద్దగా మారదు. ఆ లయకి సరిపోయే సంగీతం వెతుకుతారు, లేదా కట్టిస్తారు. మా భాషలో చెప్పాలంటే గుర్రమే స్పెసిఫికేషన్, పాట దానికి రాసిన కోడు. పైన కూర్చున్న మనిషి పని ఆ రెంటినీ కలిపి ఉంచడం.

అక్కడ అందరూ పుణ్యాత్ములని అనుకోకండి. 3 ఒలింపిక్ స్వర్ణాలున్న షార్లట్ డుజార్డిన్ శిక్షణలో గుర్రం కాళ్ల మీద కొరడాతో కొట్టిన వీడియో 2024లో బయటికొచ్చింది. ఆవిడ పారిస్ ఒలింపిక్స్ నుంచి తప్పుకోవాల్సి వచ్చింది, ఏడాది నిషేధం కూడా పడింది. హాంగ్‌జౌలోనూ ఆ ఫ్రీస్టైల్ రోజునే మన ఇంకో రౌతుని గుర్రం కాలి మీద నెత్తురు మరక కనబడిందని పోటీ నుంచి తప్పించారు. పతకం పోతే పోయింది, ఆ రూలు ఉండటం నాకు నచ్చింది.

ఇదంతా చెబితే మా మామ (తెలుగు మాస్టారు, రిటైరయ్యారు) నవ్వారు. "ఒరే, రగడల పేర్లు ఎప్పుడైనా చూశావా?" అన్నారు. హయప్రచార రగడ, తురగవల్గన రగడ. మొదటిదానికి పాదానికి 4 త్రిమాత్రా గణాలు, రెండోదానికి 8. అంటే గుర్రం పేరు పెట్టిన రెండు ఛందస్సులూ తకిట నడకే! అమరకోశంలో గుర్రం గతులు ఐదు చెప్పి వాటికి పంచధారలని పేరు పెట్టారు. మనం సాయంత్రం పూట వెళ్లే వాహ్యాళి కూడా అసలు గుర్రాలని తిప్పే మైదానం పేరేనట. మనుమంచి భట్టు హయలక్షణ విలాసమని గుర్రాల మీద ఏకంగా పుస్తకమే రాశాడు. ఇన్ని మాటలున్న భాషలో ఇప్పుడు గుర్రం అనగానే గుర్తొచ్చేది పెళ్లి మెరవణిలో ఎగిరే గుర్రం.

మా సీమ సంగతి తెలుసుగా. ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిస్తే బాగా కురిసినట్టు. శెనక్కాయ పంట పోతే ఉలవలు చల్లుకోవాలి. ఆ ఉలవలకే ఇంగ్లీషువాడు హార్స్ గ్రామ్ అని పేరు పెట్టాడు. ఇలాంటి నేల మీదికి ఒకప్పుడు హోర్ముజ్ నుంచి ఓడల్లో అరబ్బీ గుర్రాలు వచ్చేవి. రాయలు ఏడాదికి 13,000 గుర్రాలు కొనేవాడని, అందులో హోర్ముజ్ గుర్రాలూ దేశవాళీవీ ఉండేవని, మంచివి తన లాయానికి ఉంచుకుని మిగతావి సరదార్లకి ఇచ్చేవాడని పోర్చుగీసు నూనిజ్ రాశాడు. సాళువ నరసింహుడి గురించి రాసింది ఇంకా విచిత్రం. దారిలో సముద్రం మీద చచ్చిపోయిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదానికిచ్చే ధరే ఇచ్చేవాడట. గుర్రమంటే అంత అవసరం. యుద్ధానికి, కొలువుకి, మహర్నవమికి. హంపీలో హజారరామాలయం ప్రహరీ గోడ మీద చూడండి, ఒక వరసలో గుర్రాలు, ఇంకో వరసలో ఆడేవాళ్లు.

1565 జనవరిలో తళ్లికోట యుద్ధం పోయింది, రాజ్యం మా పెనుకొండకి వచ్చి పడింది. (పెనుకొండ 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది, అయినా నాకు మా అనంతపురమే.) తమాషా ఏంటంటే, వియన్నాలో రాజభవనం దగ్గర గుర్రాలకి శిక్షణ మైదానం ఉన్నట్టు మొదటి రికార్డు కూడా ఆ 1565దే. ఆ స్పానిష్ రైడింగ్ స్కూల్ 2015లో 450 ఏళ్ల పండగ చేసుకుంది. యునెస్కో జాబితాలోకీ అదే ఏడాది ఎక్కింది. అక్కడి తెల్ల లిపిజానర్ గుర్రాల్లో ఒక వంశానికి మూలపురుషుడు సిగ్లావీ అనే అరబ్బీ గుర్రం. వాళ్లు ఆ గుర్రంతో పాటు దాని చదువూ నిలబెట్టుకున్నారు. మనకి సామెత మిగిలింది.

పోయినేడు కళ్యాణదుర్గం దగ్గర మా ఊళ్లో చిన్నాన్న కొడుకు పెళ్లి. మెరవణికి డాన్సు గుర్రం మాట్లాడారు. అరబ్బీదన్నారు. చూస్తే చెవులు లోపలికి తిరిగి కొసలు దాదాపు కలుస్తున్నాయి, అది మార్వాడీ పోలిక. అయినా అందమైన జంతువు. గుర్రం పెద్దాయన సంచిలోంచి ముళ్ల కళ్లెం తీశాడు. నోట్లో గుచ్చుకునే రకం. ఇది 1965 నిబంధనల ప్రకారం నిషిద్ధం. ఆ మాటే అన్నాను.

"ఇది ఏసి, కాళ్ల కాడ కట్టెతో తట్టితే ఎగురుతాది సార్. ల్యాకుంటే నడుస్తాది. ఎగిరేదానికి తొమ్మిది వేలు, నడిచేదానికి ఐదు. మీకేది గావాల?" అన్నాడు. కాసేపాగి, "నడిచే గుర్రాన్ని ఎవురు పిలుస్తారు సార్? వానల్యాకపాయె, మేత రేటు చూస్తే అట్లుండాది. దాని కడుపు అది ఎగిరే నింపుకోవాల" అన్నాడు. 2018 కరువులో రెండో గుర్రాన్ని అమ్మేసుకున్నాడట.

నాకు నోట మాట రాలేదు. బెంగళూరు నుంచి కారులో దిగి రూలు చెప్పడం తేలిక. తొమ్మిదీ నేనే ఇస్తా, నడిపించు చాలన్నాను. చిన్నాన్నకి ఒళ్లు మండింది. "ఎగరని గుర్రానికి ఎగిరే గుర్రం రేటా? నీకు జీతం ఎక్కువైందిరా!"

అప్పుడు మా మామ పలకలోళ్ల దగ్గరికి పోయి, గుర్రం కాళ్లు చూసి కొట్టండప్పా అన్నారు. వాళ్లలో పెద్దాయన ఒక పది అడుగులు ఊరికే చూశాడు. తర్వాత మెల్లగా, నాలుగు దెబ్బల్లో, గిట్ట పడ్డప్పుడల్లా కొట్టడం మొదలుపెట్టాడు. మిగతావాళ్లు అందుకున్నారు. గుర్రం తల దించి, చెవులు అటూ ఇటూ తిప్పుకుంటూ నడిచింది. దానికి పలక మీద ధ్యాసే లేదు. కానీ అరుగుల మీది జనం మాత్రం "చూడు, తాళానికి ఎట్లా అడుగేస్తాదో" అనుకున్నారు! గుర్రం మీదున్న మా తమ్ముడి మొహంలో కూడా భయం పోయింది. అలా రెండు వీధులు.

మూడో వీధిలో వాడి స్నేహితుల డీజే బండి ఎదురొచ్చింది. ఆ శబ్దానికి గుర్రం చెవులు వెనక్కి పోయాయి, చర్మం వణికింది. పెద్దాయన ఎవర్నీ అడగలేదు. పెళ్లికొడుకుని దించేసి, గుర్రాన్ని పక్క సందులోకి తీసుకుపోయాడు. తమ్ముడు మిగతా మెరవణి నడిచే వెళ్లాడు. చిన్నాన్న నాతో రెండు నెలలు మాట్లాడలేదు.

ఆయన ఫోను నంబరు నా దగ్గరుంది. ఆ తర్వాత తెలిసినవాళ్ల పెళ్లిళ్లు రెండిటికి ఆయన్ని పిలవమని చెప్పాను, నడిచే గుర్రం, తప్పెట్లు దాని అడుగుకి కొడతాయి, చాలా బాగుంటుందని. రెండుచోట్లా డాన్సు గుర్రమే కావాలన్నారు. ఒకచోటికి ఆయనే వెళ్లాడని తెలిసింది. సంచిలోంచి ఏం తీశాడో నేను అడగలేదు.