ఉప్పు ఎందుకు? ఒక పీరియడ్, ఒకే ప్రశ్న

న్యూయార్క్ నగరం, బ్రాంక్స్‌లో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల. పదో తరగతి గ్లోబల్ హిస్టరీ పీరియడ్. నేను వెళ్లిన రోజు పాఠం మనదే: 1930 నాటి ఉప్పు సత్యాగ్రహం.

బల్లల మీద పాఠ్యపుస్తకం లేదు. ఒక్కొక్కరి ముందు కొన్ని కాగితాలున్నాయి. న్యూ విజన్స్ సంస్థ ఉచితంగా అందిస్తున్న పాఠాలను ఆధారం చేసుకుని ఈ బడి టీచర్లే వాటిని కూర్చుకున్నారు. ఇంట్లో స్పానిష్, బెంగాలీ మాట్లాడే పిల్లలు చాలామంది. వాళ్ల కోసం కష్టమైన మాటలకు పక్కనే అర్థాలిచ్చారు.

మొదటి కాగితంలో, మార్చి 2న గాంధీజీ వైస్రాయ్ ఇర్విన్‌కు రాసిన లేఖలోంచి కొంత భాగం. ఎవరు రాశారు, ఎవరికి, ఎప్పుడు, ఎందుకు? ముందు ఇవి తేల్చుకున్నాకే చదవడం. తర్వాత టీచరమ్మ అడిగారు: "ఇన్ని పన్నులుండగా ఉప్పే ఎందుకు?"

"పేదవాడూ ఉప్పు తినాల్సిందేగా! పన్ను భారమంతా వాడి మీదే" అంది ఒకమ్మాయి.

"బాగుంది. లేఖలో ఎక్కడుంది?"

ఆ అమ్మాయి వెతికి, వాక్యం చూపించాకే చర్చ ముందుకు సాగింది.

రెండో కాగితం ధరాసనా ఉప్పు కొఠార్ల దగ్గర మే 21న జరిగిన లాఠీ దాడిపై అమెరికన్ విలేఖరి వెబ్ మిల్లర్ వార్త. ఆనాడు సత్యాగ్రహులను నడిపింది హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడు. "మిల్లర్ కళ్లారా చూశాడా, విని రాశాడా?" అని ఒకబ్బాయి అడిగాడు. చరిత్రకారుడు అడగాల్సిన ప్రశ్నే అది. చివర అందరూ రెండు ఆధారాలతో ఒక పేరా రాశారు. రాష్ట్ర రీజెంట్స్ పరీక్షలోనూ అయిదు పత్రాలిచ్చి, కనీసం మూడింటి ఆధారంగా వ్యాసం రాయమంటారు.

"కథలా చెప్పేస్తే పది నిమిషాల్లో అయిపోతుంది కదా?" అన్నాను.

"నేను చెప్తే నా మాట గుర్తుంటుంది. వాళ్లే చదివితే, రేపు నేను లేనప్పుడూ చదవగలరు" అన్నారామె. 1750 నుంచి నేటిదాకా ఒక్క ఏడాదిలో చెప్పాలి గనుక, కొన్ని ఘట్టాలను క్లుప్తంగా ముగించాల్సి వస్తోందనీ ఒప్పుకున్నారు. ఆ బేరం న్యాయమైనదేనని నా నమ్మకం.

1930లో మచిలీపట్నం తీరంలోనూ ఉప్పు వండారు. ఆనాటి తెలుగు పత్రికలో ఒక పేజీ, నాలుగు ప్రశ్నలు చాలు, మన బళ్లలోనూ ఈ పాఠం నడుస్తుంది. అయితే జవాబు తానే చెప్పేయకుండా పిల్లలు వెతికేదాకా ఆగే ఉపాధ్యాయుడికి, పాఠం తానే కూర్చుకునే స్వేచ్ఛా ఆ ఆగే సమయమూ రెండూ ఇవ్వాలి.